బద్ర్‌కు వెళ్ళని వ్యక్తికి బద్ర్ వాటా

ఈ నెల శీర్షిక కోసం వేరొక అంశం సిద్ధం చేసుకున్నాము. అంతలో ఒక సోదరి ఉత్తరం వచ్చింది. స్కూలు నోటుపుస్తకంలోంచి చించిన ఆరు కాగితాలు, రెండు వైపులా రాసినవి. చదివిన తరువాత సిద్ధం చేసుకున్న వ్యాసాన్ని పక్కన పెట్టాము. ఆమె అనుమతితోనే, ఆమె ఎవరో తెలియకుండా, ఆ ఉత్తరంలోని కొన్ని విషయాలను పాఠకుల ముందుంచుతున్నాము.

గిద్దలూరు, కంభం ప్రాంతం తెలిసినవారికి అక్కడి పల్లెల్లో సైనిక కుటుంబాలు ఎన్ని ఉన్నాయో తెలుసు. పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని ప్రజలు మిలిటరీ మాధవరమనే పిలుచుకుంటారు. ఈ వైపు ఊళ్ళకు అటువంటి పేరు రాకపోయినా, తండ్రి తరువాత కొడుకు సైన్యంలో చేరిన ఇళ్ళు ఇక్కడా కనిపిస్తాయి. వాటిలో మన ముస్లిముల ఇళ్ళూ ఉన్నాయి. ఈ సోదరి భర్త 1983లో సిపాయిగా చేరి, ఇరవై నాలుగేళ్ళ సేవ అనంతరం 2007లో హవల్దారుగా పదవీ విరమణ పొందారు. ఇంటికి వచ్చిన మూడేళ్ళకు మధుమేహం బయటపడింది. మొదట మాత్రలు, నాలుగేళ్ళుగా రోజుకు రెండు పూటలా ఇన్సులిన్. గత ఏడాది కుడికాలి చిటికెన వేలు తీసివేశారు.

ఆమె అడిగిన ప్రశ్న ఇది: "ఆయనకు చేయవలసినవన్నీ చేస్తున్నాను. చేస్తూనే లోపల విసుక్కుంటున్నాను. ఒక రాత్రి 'యా అల్లాహ్, ఇది ఎప్పుడు ముగుస్తుంది' అనుకున్నాను. ముగియడమంటే ఏమిటో మరుక్షణమే స్ఫురించి వణికిపోయాను. ఇన్నేళ్ళ సేవ ఆ ఒక్క తలంపుతో వృథా అయిపోయిందా?"

మా వద్దకు వచ్చే ఉత్తరాల్లో రోగి గురించి అడిగేవి అనేకం. ఏమి తినాలి, రోజా పాటించవచ్చునా, ఏ దుఆ చదవాలి అని అడుగుతారు. రోగి పక్కన కూర్చున్న మనిషి తన గురించి తాను అడగడం చాలా అరుదు. అందుకే ఈ ప్రశ్నను తొందరగా దాటిపోవడం మాకు ఇష్టం లేదు.

సైనికుని ఇల్లాలి జీవితాన్ని ముందుగా అర్థం చేసుకోవాలి. పెళ్ళైన ఇరవై ఏళ్ళపాటు ఆమెకు భర్త అంటే '56 ఏ.పీ.ఓ.' అనే చిరునామా, ఏడాదికి రెండు నెలల సెలవు. ఆ చిరునామాను బట్టి ఆయన ఏ కొండమీద ఉన్నారో చెప్పడం సాధ్యం కాదు. 1999 వేసవిలో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు, పక్కింటి టీవీలో వార్తలు చూసి వచ్చి పిల్లలకు అన్నం పెట్టేదట. అత్తగారి చివరి రోజులు, ఇద్దరు మగపిల్లల చదువు, ఇంటి పైకప్పు మరమ్మతు, అన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగాయి. "ఆయన రిటైరై వచ్చేస్తే చాలు, ఇద్దరం కలిసి కూర్చుని తింటాము" అన్న ఒక్క ఆశ మీద ఆ ఏళ్ళన్నీ గడిచాయి.

ఆయన వచ్చారు. కలిసి కూర్చుని తినే పళ్ళెం మాత్రం రాలేదు. ఆయనకు కొలిచి పెట్టిన రొట్టెలు, కూర. ఆయన లేచిన తరువాత ఆమె వంటగదిలో నిలబడి తినే అన్నం. "ఆయన ముందు అన్నం తినాలంటే దొంగతనం చేసినట్టుంటుంది" అని రాసింది.

ఈమె బాధలో అలసట ఒక్కటే లేదని మేము భావిస్తున్నాము. ఎదురుచూసిన కాలం చేతికి వచ్చి కూడా దక్కకపోవడం ఉన్నది. ఎవరూ మరణించలేదు కనుక ఈ దుఃఖానికి పరామర్శకు వచ్చేవారుండరు. భర్త కళ్ళెదుటనే ఉన్నారు కనుక ఏడిస్తే కృతఘ్నత అనిపిస్తుంది. దూరాన ఉన్నప్పుడు ఆయన క్షేమం కోసం అల్లాహ్‌ను వేడుకున్న స్త్రీ, దగ్గరకు వచ్చిన తరువాత ఆయన ముఖం చూసి విసుక్కుంటున్నందుకు తనను తానే అసహ్యించుకుంటున్నది.

ఇక సైనికుని స్వభావం. నొప్పి చెప్పకపోవడమే మగతనమని కాదు గానీ, నొప్పి చెబితే పని ఆగుతుందని ఆ వృత్తి ఆయనకు నేర్పింది. బూటు ఒరుసుకుని బొబ్బ లేచినా నడక ఆపకూడదు. యుద్ధరంగంలో అది సద్గుణమే. మధుమేహంలో అదే శత్రువుగా మారుతుంది. చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారుతాయి. ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ చిట్లినా తెలియదు. రక్తప్రసరణ తగ్గడం వల్ల గాయం మానదు. అందుకే ప్రతి రాత్రీ అరికాళ్ళు, వేళ్ళ సందులు ఎవరో ఒకరు చూడాలంటారు వైద్యులు. ఆమె చూస్తానంటే ఆయన "సియాచిన్ మంచు చూసిన కాళ్ళివి, నువ్వు చూసేదేముంది" అని దుప్పటి లాక్కునేవారట. ఒక ఉదయం ఉతకడానికి తీసిన మేజోడులో రక్తపు మరక కనిపించింది. అప్పటికే ఆలస్యమైంది.

ఆ వేలు పోయిన నేరం ఎవరిది? బంధువులు అందరూ ఆమె వైపే చూశారు. "ఇంట్లోనే ఉంటావు కదా, చూసుకోలేదా?" అన్నది ఆడపడుచు. ఆమె కూడా తన వైపే చూసుకున్నది. ఆయన దుప్పటి లాక్కున్న సంగతి ఎవరికీ చెప్పలేదు, భర్త పరువు. మాకు రాసిన ఉత్తరంలోనే మొదటిసారి చెప్పినట్టున్నది.

మరొక రాత్రి గురించి రెండు పేజీలు రాసింది. తహజ్జుద్ వేళ, మూడు గంటల సమయం. ఆయన చెమటతో తడిసి, ఒళ్ళు వణుకుతూ, హిందీలో ఎవరికో ఆజ్ఞలు ఇస్తున్నారు. చక్కెర నీళ్ళ గ్లాసు నోటి దగ్గర పెడితే చేతితో తోసివేసి, ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ అనని మాట ఒకటి అన్నారు. ఎలాగో తాగించింది. పావుగంట తరువాత ఆయన మామూలు మనిషై "ఏమైంది? ఎందుకు లేచి కూర్చున్నావు?" అని అడిగి నిద్రపోయారు. ఆయనకు ఏమీ గుర్తు లేదు. ఆమెకు ఆ మాట నేటికీ గుర్తున్నది.

రక్తంలో చక్కెర 70 కంటే దిగువకు పడిపోయినప్పుడు ఇటువంటిది జరగవచ్చును. మెదడుకు ముఖ్యమైన ఇంధనం చక్కెరే. అది అందనప్పుడు మనిషి తికమకపడతాడు, కోపగిస్తాడు, పొంతనలేని మాటలంటాడు. స్పృహ ఉండి, మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనప్పుడు నోటిలో ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆ రాత్రి అన్న మాట ఆయన మనసులోది అని మేము అనుకోవడం లేదు. సోదరి దానిని మరచిపోలేకపోతే అది ఆమె తప్పూ కాదు. అయితే ఒక మాట అదనంగా చెప్పాలి. మధ్యాహ్నం చక్కెర 150 ఉన్నప్పుడు అన్న పరుషమైన మాటలను కూడా వ్యాధి ఖాతాలో వేయడం న్యాయం కాదు. కొన్ని ఇళ్ళలో 'షుగర్ మనిషి, కోపం సహజం' అనే వాక్యం భార్య నోరు మూయడానికి ఉపయోగపడుతున్నది. వ్యాధిగ్రస్తునికి మర్యాద నుంచి మినహాయింపు లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఆ తలంపుతో సేవ వృథా అయిందా?

హిజ్రీ రెండవ సంవత్సరం రమజాన్ నెలలో బద్ర్ యుద్ధానికి ముస్లిములు బయలుదేరినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలోనే ఉండిపోయారు. ఆయన సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్ర అస్వస్థతతో మంచం పట్టారు. ఆమెను చూసుకోవడానికి ఆగిపొమ్మని స్వయంగా దైవప్రవక్త (స) ఆదేశించారు. ఇస్లాం చరిత్రలో అంతటి ముఖ్యమైన యుద్ధం మరొకటి లేదు. అందులో పాల్గొన్న మూడు వందల మందికి పైగా సహాబాల స్థానం వేరు. ఆ వరుసలో ఉండవలసిన మనిషి ఒక గదిలో, జబ్బుపడిన భార్య తలవైపున కూర్చున్నారు. యుద్ధంలో విజయం లభించింది. ఆ శుభవార్త మదీనా చేరేసరికి హజ్రత్ రుఖయ్యా (రజి) ఖనన కార్యక్రమం జరుగుతున్నదని చరిత్రకారులు రాశారు. అంటే, ఆయన సేవ చేసినా ఆమె బ్రతకలేదు.

అయినా దైవప్రవక్త (స) ఆయనకు బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానంగా యుద్ధప్రాప్తిలో వాటా ఇచ్చారు, బద్ర్ యోధుని పుణ్యఫలం ఉంటుందని తెలిపారు. బుఖారీ గ్రంథంలో ఇది నమోదైంది. ఆ వివరం ఎందుకు నమోదైందో కూడా గమనించదగినది. చాలా ఏళ్ళ తరువాత హజ్‌కు వచ్చిన ఒక వ్యక్తి, ఉస్మాన్ (రజి) బద్ర్‌కు రాలేదు కదా అని ఆక్షేపణగా అడిగాడు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అతనికి అసలు కారణం వివరించి పంపించారు. గది లోపల జరిగిన సేవను లోకం చూడదు; గైర్హాజరును మాత్రం లెక్కపెడుతుంది. నేటికీ అంతే.

మన సోదరి భర్తకు పతకాలున్నాయి. గోడకు ఫోటో ఉన్నది, పింఛను పుస్తకం ఉన్నది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు పాఠశాలవారు పిలిచి శాలువా కప్పుతారు. మేము వాటిని తక్కువ చేయడం లేదు. ఆ ఇరవై నాలుగేళ్ళ సేవలో ఆమెకూ వాటా ఉన్నది, ఇప్పటి ఈ సేవలో పూర్తి వాటా ఉన్నది అని చెప్పడమే మా ఉద్దేశం. ఉస్మాన్ (రజి) ఆ గదిలో అలసిపోలేదని, నిద్రలేమితో కుమిలిపోలేదని ఎవరూ చెప్పలేదు. పుణ్యానికి అలసిపోకుండా ఉండాలనే షరతు లేదు.

విసుగు సంగతి. మనసులో మెదిలిన తలంపులను నోటితో పలికేవరకు, ఆచరణలో పెట్టేవరకు అల్లాహ్ ఈ సమాజాన్ని పట్టుకోడని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. సోదరి ఆ తలంపును ఆచరణలో పెట్టలేదు; మరుసటి ఉదయం లేచి మళ్ళీ సూది పట్టుకున్నది. తలంపు ఏదైనా, ఆచరణ ఇది.

సహనం అంటే కన్నీరు కార్చకపోవడమని మన ఇళ్ళలో ఒక అపోహ ఉన్నది. హజ్రత్ యాఖూబ్ (అలై) కుమారుని కోసం ఏడ్చి ఏడ్చి ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని దివ్యఖుర్ఆన్ యూసుఫ్ సూరాలో తెలుపుతున్నది. చక్కని సహనం వహిస్తానన్నది కూడా ఆయనే. హజ్రత్ అయ్యూబ్ (అలై) తన బాధను అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. అయినా అల్లాహ్ ఆయనను సహనశీలునిగానే ప్రశంసించాడు. స్నానాలగదిలో కొళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడుస్తానని రాసిన సోదరికి ఈ రెండు ఉదాహరణలు చాలునని మా విశ్వాసం.

ఆమె పెద్ద కుమారుడు రియాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ప్రతి రాత్రీ ఫోను చేస్తాడు. సలాం తరువాత మొదటి ప్రశ్న "అమ్మీ, అబ్బాకు షుగర్ ఎంత ఉంది?" 140 అంటే "మాషా అల్లాహ్". 260 అంటే "ఏమి పెట్టావు?" ఈ ప్రశ్న ప్రేమతో అడిగినదే. అయితే వినే చెవికి అది మార్కుల జాబితా. ఒత్తిడి వల్ల, జ్వరం వల్ల, నిద్ర లేకపోవడం వల్ల, వేసిన మందు వేళ తప్పడం వల్ల, ఒక్కోసారి ఏ కారణమూ కనబడకుండానే చక్కెర పెరుగుతుంది. ఆయన నమాజుకు వెళ్ళి వస్తూ మిత్రుని దుకాణంలో తిన్న జిలేబీకి ఆమె ఎలా జవాబుదారు? "రోజూ పరీక్ష ఆయనకు, ఫెయిలయ్యేది నేను" అని ఆమె రాసిన వాక్యం మాకు కంటతడి పెట్టించింది. విదేశాలలో ఉన్న కుమారులు ఈ పత్రిక చదువుతారని మాకు తెలుసు. వారిని ఒకటే కోరుతున్నాము: ఈ రాత్రి ఫోనులో చక్కెర అంకె అడగకముందు, "నువ్వు తిన్నావా అమ్మీ, ఎన్ని గంటలు నిద్రపోయావు?" అని అడగండి. జవాబు వచ్చేవరకు ఆగండి.

వృద్ధులైన తల్లిదండ్రుల పట్ల విసుగు మాట కూడా అనరాదని బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశం ఉన్నది. ఆ ఆదేశం సంతానానికి. మన సమాజంలో అది కొడుకు తలుపు దగ్గర ఆగకుండా కోడలి వంటగదికి చేరుతున్నది. కోడలు చేసే సేవ ఆమె ఔదార్యం, దానికి పుణ్యం ఉన్నది. కానీ అత్తమామల సేవ ధర్మశాస్త్రరీత్యా ఆమె మీద విధి కాదని పండితులు చెబుతారు. విధి ఎవరిదో వారు సూది పట్టుకోవడం నేర్చుకోవాలి. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఈ హదీసును మన మగవారు ప్రసంగాలలో ఇష్టంగా వింటారు. ఆచరణలో ఎంతమంది ఇళ్ళలో కనిపిస్తుందో పాఠక సోదరీమణులే చెప్పాలి.

రమజాన్ గురించి కూడా ఆమె ఒక మాట అడిగింది. ఆయన ఇన్సులిన్ మీద ఉండి కూడా రోజాలు పాటిస్తానని పట్టుబడతారు; "డ్యూటీ ఎగ్గొట్టడం నాకు తెలియదు" అంటారు. రోగికి మినహాయింపు అల్ బఖరా సూరాలోనే ఉన్నది. ఆ మినహాయింపు కూడా ఆజ్ఞ ఇచ్చినవాని నుంచి వచ్చినదే. దానిని స్వీకరించడం పారిపోవడం కాదు. వైద్యుడు వద్దంటే, నయమయ్యే అవకాశం లేని స్థితిలో ఒక్కో రోజాకు ఒక పేదవానికి భోజనం ఫిద్‌యాగా ఇవ్వాలి. ఈ మాట భార్య చెబితే ఆయన వినరు. మసీదు ఇమాం సాహెబ్, ఆయనతో పనిచేసిన మరొక మాజీ సైనికుడు వెళ్ళి చెప్పాలి. ఆజ్ఞలను గౌరవించే మనిషికి తోటి సైనికుని మాట తగులుతుంది.

ఇ.సి.హెచ్.ఎస్. పథకం 2003 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నది. పింఛను పొందే మాజీ సైనికులతో పాటు వారి భార్యలకూ వర్తిస్తుంది. సోదరి ప్రతి నెలా మందుల కోసం ఆయనను పాలీక్లినిక్‌కు తీసుకువెళుతున్నది; పెద్ద ఆసుపత్రికి సిఫారసు పత్రం ఎక్కడ రాయించాలో, ఏ వరుసలో నిలబడాలో కంఠతా వచ్చు. తన పేరు మీద ఉన్న కార్డును మాత్రం ఇంతవరకు ఒక్కసారి కూడా వాడుకోలేదు. తలనొప్పి ఉన్నది, మెట్లెక్కితే ఆయాసం ఉన్నది, రక్తపోటు చూపించుకోలేదు. "ఆయనతో వెళ్ళినప్పుడు ఆయన సంగతే సరిపోతుంది" అన్నది. వచ్చే నెల ఆ వరుసలో రెండు కార్డులూ పెట్టమని మేము ఆమెకు ఉత్తరం రాశాము. నిద్ర వారాల తరబడి పట్టకపోయినా, బ్రతకాలని అనిపించకపోయినా అది ఈమాన్ బలహీనత అని ఊరుకోకూడదు, వైద్యునితో చెప్పాలి. టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును, ఖర్చు లేదు.

జవానుకు ఏడాదికి రెండు నెలల సెలవు ఉంటుందని పైన రాశాము. పదిహేనేళ్ళుగా ఈ వ్యాధితో కాపురం చేస్తున్న ఆమెకు ఎన్ని రోజుల సెలవు దొరికిందని జవాబులో అడిగాము. కుటుంబంలో ఎవరైనా నాలుగు రోజులు ఆ బాధ్యత తీసుకోగలరా అని కూడా అడిగాము.

ఈ శీర్షిక అచ్చుకు వెళ్ళేముందు ఆమె రెండవ ఉత్తరం అందింది. పెద్ద కుమారుడు ఇరవై రోజుల సెలవు మీద వచ్చాడట. తండ్రి పొట్ట మీద మొదటిసారి సూది వేసేటప్పుడు అతని చేయి వణికితే, ఆ హవల్దారు గారు నవ్వి "గురి చూసి కొట్టు" అన్నారట. రాత్రి పాదాలు చూపించమని కొడుకు అడిగితే దుప్పటి లాక్కోలేదట. అందుకు ఆమెకు కొంచెం కోపం కూడా వచ్చిందని రాసింది. ఆమె నంద్యాలలోని చెల్లెలి ఇంటికి వెళ్ళింది. మొదటి రెండు రోజులు నమాజుకు తప్ప లేవకుండా పడుకున్నదట. మూడవ రాత్రి మూడు గంటలకు అలవాటుగా మెలకువ వచ్చింది. ఫోను చేతిలోకి తీసుకుని, ఇంటికి చేయబోయి, ఆగి, వజూ చేసుకున్నదట. చెల్లెలు వడ్డించిన అన్నాన్ని కూర్చుని తిన్నానని చివరి వాక్యంగా రాసింది.